సబ్ అవుట్ ఉన్నంత మాత్రాన బేస్ మేనేజ్‌మెంట్ ఉన్నట్టు కాదు

ముందు మీరు అడిగింది ఒక్కచోట పెట్టుకుంటాను. నిజాంపేటలో ఫ్లాట్. హాలు 12 బై 15 అడుగులు, పది అడుగుల ఎత్తున స్లాబు. అయిదంగుళాల వూఫర్లున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, పదంగుళాల సబ్‌వూఫర్ ఒకటి. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది. కొన్ని పాటల్లో బేస్ గుమ్మని హాలంతా నిండిపోతోంది, కొన్ని పాటల్లో అసలు వినపడటం లేదు. పాత ఆంప్ (ఆంప్లిఫయర్) మార్చి, లక్ష లోపు, రూమ్ కరెక్షన్ (మైకుతో కొలిచి, గది శబ్దాన్ని మార్చే తీరుని సరిచేయడం), బేస్ మేనేజ్‌మెంట్ (బేస్‌ని స్పీకర్లకీ సబ్‌కీ పంచడం) రెండూ ఉన్న స్టీరియో రిసీవర్ తీసుకోవాలని ఉంది. షాపులో "వంద వాట్లది, సబ్ అవుట్ ఉన్నది తీసుకోండి సార్, రెండు స్పీకర్లకి రూమ్ కరెక్షన్ ఎందుకు" అన్నారు. సబ్ అవుట్ అంటే సబ్‌వూఫర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్టు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య సంక్రాంతికి వస్తూ ఒకటి తేగలరు, తెప్పించుకోవచ్చా అని కూడా అడిగారు.

షాపులో చెప్పిన మాట మీ హాలుకి అస్సలు సరిపోదు. మీ ఇబ్బంది వాట్లది కాదు, గదిది. వంద వాట్లకీ ఎనభై వాట్లకీ తేడా ఒక్క డెసిబెల్. చెవికి ఆ తేడా తెలియడమే కష్టం. అదే మీ సోఫా దగ్గర బేస్‌లో స్వరానికీ స్వరానికీ మధ్య పది, పదిహేను డెసిబెళ్ళ తేడా ఉన్నా నేను ఆశ్చర్యపోను.

లెక్క వేసి చూడండి. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం సగం తరంగానికి సరిపోయిన చోట ఆ ఫ్రీక్వెన్సీ గదిలో నిలబడిపోతుంది. పదిహేను అడుగులంటే 4.57 మీటర్లు, దానికి 37.5 హెర్ట్జ్. పన్నెండు అడుగులకి 47 హెర్ట్జ్. పది అడుగుల ఎత్తుకి 56 హెర్ట్జ్. ఇప్పుడు బేస్ గిటార్ సంగతి చూడండి. అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ 'ఇ' 41 హెర్ట్జ్, దాని పైన 'ఎఫ్' 43.7, 'ఎఫ్ షార్ప్' 46.2, 'జి' 49. వాయించేవాడు అన్నీ ఒకే బలంతో మీటినా, మీ హాల్లో ఎఫ్ షార్ప్ దగ్గరికి రాగానే గది తనూ గొంతు కలుపుతుంది. ఆ స్వరం మీద నడిచే పాటలో బేస్ గుమ్మంటుంది. వేరే శ్రుతిలో ఉన్న పాటలో పలచగా వినిపిస్తుంది. మీరు రికార్డింగుల తేడా అనుకుంటున్నది చాలావరకు ఇదే.

మన ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలో చెక్క చట్రం మీద జిప్సమ్ బోర్డు కొట్టిన గోడలు బేస్‌కి కొంచెం వంగి కొంత తాగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు, విట్రిఫైడ్ టైల్స్ దాన్ని అలాగే వెనక్కి కొడతాయి. అక్కడివాళ్ళు రాసిన రివ్యూలో "రూమ్ కరెక్షన్ ఆన్ చేసినా పెద్ద తేడా తెలియలేదు" అని ఉంటే, అది మీ హాలుకి వర్తిస్తుందని అనుకోకండి.

ఇక బేస్ మేనేజ్‌మెంట్. ఈ మాటని అమ్మేవాళ్ళు చాలా వదులుగా వాడుతున్నారు, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. బేస్ మేనేజ్‌మెంట్ అంటే రెండు పనులు. ఒకటి, ఒక ఫ్రీక్వెన్సీకి కింద ఉన్నదాన్ని సబ్‌కి పంపడం. రెండు, అదే కింది భాగాన్ని మెయిన్ స్పీకర్ల నుంచి తీసేయడం, అంటే మెయిన్స్‌కి హై పాస్ ఫిల్టర్ వేయడం. స్టీరియో రిసీవర్లలో చాలావాటికి మొదటిది మాత్రమే ఉంటుంది. వెనక సబ్ అవుట్ అనే సాకెట్టు ఉంటుంది, అందులోంచి సిగ్నల్ వస్తుంది, కానీ మెయిన్స్‌కి మాత్రం పూర్తి రేంజ్ పోతూనే ఉంటుంది.

అయితే ఏమవుతుంది? స్పీకర్ కోన్ ఒక శబ్దాన్ని అదే బలంతో ఒక ఆక్టేవ్ కింద పలికించాలంటే నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే కోన్ 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలన్నమాట. అయిదంగుళాల వూఫర్‌కి అది తలకి మించిన పని. వెనక పోర్ట్ (గాలి కోసం వదిలిన గొట్టం) ఉన్న స్పీకరైతే, పోర్ట్ ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దాటి కిందికి వెళ్ళాక కోన్‌ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, ఉత్తినే ఊగిపోతుంది. ఆ ఊగే వూఫరే మీ పాటలో గొంతునీ పలికించాలి, కాబట్టి గొంతు మసకబారుతుంది. పైగా 50, 60 హెర్ట్జ్ దగ్గర సబ్ ఒకవైపు, మెయిన్స్ ఒకవైపు ఒకే శబ్దాన్ని వేర్వేరు సమయాల్లో గదిలోకి వదులుతాయి. కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీన్ని సబ్ మీదున్న నాబ్ తిప్పి సరిచేయలేరు.

కాబట్టి ఏ రిసీవర్ చూసినా, డబ్బు కట్టేముందు దాని మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని స్పీకర్ సెటప్ పేజీ తెరవండి. అక్కడ ఫ్రంట్ స్పీకర్లకి 'స్మాల్', 'లార్జ్' అని ఎంచుకునే వీలు, పక్కనే 60, 80, 100 అని క్రాస్ఓవర్ (సబ్‌కీ మెయిన్స్‌కీ మధ్య శబ్దాన్ని విడగొట్టే ఫ్రీక్వెన్సీ) అంకెలు ఉంటే, స్మాల్ పెట్టినప్పుడు మెయిన్స్‌కి హై పాస్ పడుతుంది. కేవలం 'సబ్‌వూఫర్ ఆన్/ఆఫ్' లేదా 'లో పాస్' (సబ్‌కి కింది భాగం మాత్రమే పంపే ఫిల్టర్) అని మాత్రమే ఉంటే అది సగం పనే. బ్రోషర్లో ఏం రాసినా సరే. స్పీకర్లకి దూరాలు ఇచ్చే వీలుందో కూడా అదే పేజీలో చూడండి. ధ్వనికి 34 సెంటీమీటర్లంటే ఒక మిల్లీసెకను. సబ్ ఒక మూల, స్పీకర్లు టీవీ పక్కన ఉన్నప్పుడు ఆ ఆలస్యాన్ని సరిచేయకపోతే క్రాస్ఓవర్ దగ్గర గుంట పడుతుంది.

రూమ్ కరెక్షన్ సంగతికొస్తే, దాని నుంచి ఏం ఆశించాలో ముందే తెలిసుండాలి. బేస్‌లో గది వల్ల ఎగసిన గుట్టల్ని అది చాలా బాగా కోస్తుంది. కోసినప్పుడు ఆ స్వరం తగ్గడమే కాదు, దాని వెనకాల సాగే మోత కూడా కురచవుతుంది. మృదంగం తొప్పి దెబ్బ పడి ఆగిపోవడం అప్పుడు వినిపిస్తుంది. గుంటల్ని మాత్రం అది పూడ్చలేదు. రెండు తరంగాలు ఎదురై రద్దయిన చోట పది డెసిబెళ్ళు పెంచాలంటే ఆంప్ పది రెట్లు పవర్ ఇవ్వాలి, ఇచ్చినా ఎదురొచ్చే తరంగం కూడా అంతే పెరుగుతుంది. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. గుంటకి మందు సోఫానో సబ్‌నో జరపడం.

మీ సోఫా గోడకి ఆనుకుని ఉండటమే పెద్ద సమస్య. గోడ దగ్గర, గది పొడవుకి సంబంధించిన ప్రతి మోడ్ (పైన చెప్పినట్టు గదిలో నిలబడిపోయే ఫ్రీక్వెన్సీ) పీడనం గరిష్ఠంగా ఉంటుంది. రెండడుగులు ముందుకి లాగగలిగితే, రూపాయి ఖర్చు లేకుండా గుమ్మనడం కొంత తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే కనీసం వినే సమయానికి లాగి, తర్వాత వెనక్కి తోసుకోండి. కొలిచేది మాత్రం వినే చోటే కొలవాలి.

మధ్య, పై ఫ్రీక్వెన్సీల్లో రూమ్ కరెక్షన్ చేయగలిగింది తక్కువ, చెడగొట్టగలిగింది ఎక్కువ. చప్పట్లు కొడితే టింగుమని మోగే హాలుని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు. దానికి కిటికీకి మందపాటి కర్టెన్, స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద మందంగా ఒక కార్పెట్, పక్క గోడకి పుస్తకాల అర కావాలి. మీ హాలంత గదిలో సుమారు 200 హెర్ట్జ్ వరకు గది పెత్తనం, ఆ పైన స్పీకర్ పెత్తనం. అందుకే కరెక్షన్ పరిధిని 300, 400 దగ్గర ఆపేసే వీలున్న పరికరాన్నే నేను ఇష్టపడతాను. మంచి స్పీకర్లు కొనుక్కుని వాటి గొంతు మార్చేయడం ఎందుకు?

ఇప్పుడు ఏది కొనాలి. స్టీరియో రిసీవర్ అన్న పేరుతోనే వచ్చేవాటిలో మీ రెండు కోరికలూ ఒకేచోట తీర్చేవి నిజంగా తక్కువ. డెనాన్ డీఆర్ఏ-800హెచ్‌లో హెచ్‌డీఎంఐ ఉంది, స్పీకర్ సైజు, క్రాస్ఓవర్ సెట్టింగులు ఉన్నాయి. కానీ అదే కంపెనీ హోమ్ థియేటర్ రిసీవర్లలో ఉండే ఆడిసీ అనే రూమ్ కరెక్షన్ ఇందులో లేదు. మరాంట్జ్ ఎన్ఆర్1200లోనూ ఆడిసీ లేదు. రెండు చానెళ్ళవాళ్ళకి ఇది అక్కర్లేదని ఆ కంపెనీ ఎందుకు అనుకుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. యమహా 2017లో ఆర్-ఎన్803తో తన వైపావో కరెక్షన్‌ని స్టీరియో రిసీవర్‌లోకి తెచ్చింది, ఆర్-ఎన్800ఏ, ఆర్-ఎన్1000ఏ ఆ దారిలో వచ్చినవే. మైకు డబ్బాలోనే వస్తుంది. వాటిని చూస్తుంటే మాత్రం పైన చెప్పిన హై పాస్ ప్రశ్న మాన్యువల్ ముందు పెట్టుకునే చూడండి.

పై మెట్టులో అన్నీ ఉన్నవి ఉన్నాయి. వాటి రూమ్ కరెక్షన్ల పేర్లు ఇవి: లింగ్‌డార్ఫ్ టీడీఏఐ-1120లో రూమ్‌పర్ఫెక్ట్, ఆంథెమ్ ఎస్‌టీఆర్ ఇంటిగ్రేటెడ్‌లో ఆంథెమ్ రూమ్ కరెక్షన్, నాడ్ ఎం10లో డిరాక్ లైవ్. మూడూ సబ్‌ని సరిగ్గా చూసుకుంటాయి. కానీ మీ లక్షలో ఇవి రావు.

మీ బడ్జెట్‌లో నా సలహా, స్టీరియో రిసీవర్ అన్న పట్టు వదిలేయండి. డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్ లాంటి హోమ్ థియేటర్ రిసీవర్ తీసుకుని రెండు స్పీకర్లు, ఒక సబ్ మాత్రమే తగిలించండి. మిగతా అయిదు చానెళ్ళు ఖాళీగా ఉంటే నష్టమేమీ లేదు. ఎనిమిది ఓమ్‌లకి రెండు చానెళ్ళు నడుస్తుండగా ఎనభై వాట్లు, మీ హాలుకి ధారాళం. ఆడిసీ మల్టీఈక్యూ ఎక్స్‌టీ ఉంది, పూర్తి బేస్ మేనేజ్‌మెంట్ ఉంది, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది, మైకు డబ్బాలోనే ఉంది. కరెక్షన్‌ని ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆపడానికి ఆడిసీ మల్టీఈక్యూ ఎడిటర్ యాప్ విడిగా కొనాలి, ఆ డబ్బు దండగ కాదు. అందులోనే 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలని పెట్టిన చిన్న పల్లాన్ని కూడా తీసేయవచ్చు, గొంతులు ముందుకొస్తాయి. "మల్టీచానెల్ ఆంప్‌లో సంగీతం బాగుండదు" అని మీకు చెప్పేవాళ్ళుంటారు. గది చేసే పదిహేను డెసిబెళ్ళ పాడు ముందు ఆ రెండు రకాల ఆంప్‌ల తేడా ఎంత చిన్నదో కొలిచి చూస్తే వాళ్ళే ఒప్పుకుంటారు.

అంత పెద్ద డబ్బా టీవీ కింద పట్టదంటే వీమ్ ఆంప్ చూడండి. ఎనిమిది ఓమ్‌లకి అరవై వాట్లు, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని అదే తీగలోంచి ఆంప్‌కి తెచ్చేది), సబ్ అవుట్, యాప్‌లో క్రాస్ఓవర్, రూమ్‌ఫిట్ అనే రూమ్ కరెక్షన్. కొలిచేది ఫోన్ మైకుతో, అదే దాని బలహీనత. ఆండ్రాయిడ్ ఫోన్ల మైకులు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి, బేస్‌ని కోసేసేవీ ఉంటాయి. ఇంట్లో ఐఫోన్ ఉంటే దాంతో కొలవండి. మిగిలిన డబ్బు పెట్టి తర్వాత ఇంకో సబ్ కొనుక్కోవచ్చు.

మూడో దారి, ఇప్పుడున్న లేదా నచ్చిన స్టీరియో ఆంప్ ముందు మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే చిన్న సిగ్నల్ ప్రాసెసర్ పెట్టడం. రెండు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు, హై పాస్, లో పాస్, ఆలస్యం, ఈక్యూ (ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గుల్ని సరిచేసే ఈక్వలైజర్) అన్నీ మీ చేతిలో ఉంటాయి. యూమిక్-1 మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో కొలుచుకుని ఫిల్టర్లు మీరే వేసుకోవాలి. నాలుగు ఆదివారాలు దీని మీద కూర్చునే ఓపిక ఉంటే అన్నిటికంటే మంచి ఫలితం ఇదే ఇస్తుంది. ఆ ఓపిక లేకపోతే మొదటి దారే మేలు.

అన్నయ్య తేవడం గురించి. వద్దనే చెబుతాను. అమెరికా రిసీవర్లు చాలావరకు 120 వోల్టులవే. అలాంటిదాన్ని ఇక్కడి 230లో నేరుగా పెడితే కాలిపోవచ్చు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ అది రిసీవర్ వెనక రాసి ఉన్న పవర్ కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నదై ఉండాలి. చవకవి గుయ్యిమంటాయి, నిశ్శబ్దమైన హాల్లో రాత్రిపూట అదే వినిపిస్తుంది. వారంటీ ఇక్కడ చెల్లదు. ఇంకో చిన్న సంగతి, చాలా అమెరికా మోడళ్ళ ఎఫ్ఎం ట్యూనర్లు 0.2 మెగాహెర్ట్జ్ అంచెల్లో బేసి దశాంశాల మీదే ఆగుతాయి. మన హైదరాబాద్ వివిధ భారతి 102.8 మీద వస్తుంది. యూమిక్ మైకు, మినీడీఎస్‌పీ లాంటి చిన్నవైతే నిశ్చింతగా తెప్పించుకోండి, వాటికి వోల్టేజీ పేచీ లేదు.

కొన్నాక కొలవడం ఎలాగో చెప్తాను, ఎందుకంటే మంచి రిసీవర్ కొని కొలత పాడుచేసుకున్న ఇళ్ళు చాలా చూశాను. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. ఫ్రిజ్ హాల్లోనే ఉంటే ఆ కాసేపు స్విచ్ తీసేయండి. తెల్లవారుజామున రోడ్డు మీద బళ్ళు తిరగకముందు చేస్తే ఇంకా మంచిది. మైకు ట్రైపాడ్ మీద, మీ చెవి ఎత్తున ఉండాలి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపు మీద పెట్టొద్దు. మొదటి కొలత ఖచ్చితంగా మీ తల ఉండే చోటే, దూరాలు, లెవెళ్ళు దాని నుంచే లెక్కకడుతుంది. మిగతా కొలతలు దాని చుట్టూ ఒకటి రెండు అడుగుల్లోనే తీయండి, హాలంతా తిరగొద్దు.

సబ్ మీద ఉన్న క్రాస్ఓవర్ నాబ్‌ని పూర్తిగా పైకి తిప్పేయండి, ఎల్ఎఫ్ఈ అని ఉంటే అందులో పెట్టండి. లేకపోతే రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొలిచాక సబ్ దూరం మీ టేపుతో కొలిచినదానికంటే మీటరో రెండో ఎక్కువ చూపిస్తే కంగారుపడి మార్చకండి. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే చూపిస్తుంది, ఆ అంకె సరైనదే. ఆడిసీ మీ స్పీకర్లని 'లార్జ్' అని గుర్తిస్తే మీరు 'స్మాల్' చేసి 80 పెట్టండి. అది తనంతట తాను 100 పెడితే మాత్రం కిందికి దించొద్దు, అంతకు కింద మీ స్పీకర్‌ని అది సరిచేయలేదు.

డైరెక్ట్, ప్యూర్ డైరెక్ట్ మోడ్‌లు నొక్కకండి. పేరు వినడానికి బాగుంటుంది, కానీ డెనాన్, మరాంట్జ్‌లలో అది నొక్కితే ఆడిసీ మొత్తం పక్కకి పోతుంది. స్టీరియో మోడ్‌లో వినండి. రాత్రిళ్ళు పై ఫ్లోర్‌వాళ్ళకి ఇబ్బంది లేకుండా తక్కువ వాల్యూమ్‌లో వింటారు కాబట్టి డైనమిక్ ఈక్యూ ఆన్‌లో ఉంచండి. శబ్దం తగ్గేకొద్దీ చెవి బేస్‌ని ఎక్కువగా పోగొట్టుకుంటుంది, దాన్ని అది పూరిస్తుంది. అయితే సినిమా స్థాయికి తయారుచేసినది కనుక, పాటలకి రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్‌ని 10 లేదా 15 చేయకపోతే బేస్ అతిగా ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా రెండేళ్ళకి ఇంకేదైనా మార్చాలనిపిస్తే, రిసీవర్ మార్చకండి, అలాంటిదే ఇంకో సబ్ కొనండి. హార్మన్‌లో టాడ్ వెల్టీ 2002లో చేసిన పరిశోధనలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల్లో ఒక్కోదాని నడిమధ్యన ఒక్కో సబ్ పెడితే కూర్చునే చోట్ల మధ్య తేడాలు బాగా తగ్గుతాయని తేలింది. మీ హాల్లో అంటే ఒకటి టీవీ కింద గోడ మధ్యలో, ఇంకోటి సోఫా వెనక గోడ మధ్యలో. సోఫా ముందుకి జరిపితే ఆ చోటు కూడా దొరుకుతుంది. ఎక్స్1800హెచ్‌లో సబ్ అవుట్‌లు రెండున్నా రెండిటిలోనూ ఒకే సిగ్నల్ వస్తుంది, విడివిడిగా ఆలస్యం ఇవ్వలేరు. కాబట్టి సోఫా వెనకదాని వాల్యూమ్ ముందుదానితో సమానంగా పెట్టి, రెండూ కలిపి మోగుతుండగానే మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.